కారు సీమది, పలక మనది: దిగుమతి బండ్లకు నెంబరు ప్లేటు తిప్పలు

దిల్‌సుఖ్‌నగర్: సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ మీదుగా విజయవాడ రహదారి పట్టుకుని నగరానికి వచ్చేవారికి మొదట తగిలే పెద్ద కూడలి ఎల్.బి.నగర్. నాగార్జునసాగర్ వైపునుంచి వచ్చే దారి కూడా అక్కడే కలుస్తుంది. బస్సు దిగినవారు మెట్రో రైలెక్కి ముందుకు పోతారు. మోటారు సైకిళ్ళమీద వచ్చినవారు మాత్రం అక్కడినుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డువారగా ఉన్న దుకాణాలను చూసుకుంటూ పోతారు. సీటు కవర్లు కుట్టేవారు, అద్దాలకు నల్లకాగితం అంటించేవారు, రేడియం అక్షరాలు కోసేవారు ఆ వరుసలో కనిపిస్తారు. బండి నెంబరు చెబితే టీ తాగి వచ్చేలోగా ప్లేటు తయారు. అక్షరాలు వంకరగా కావాలా, నీడతో కావాలా, పేరు కూడా కలిసివచ్చేలా కావాలా అన్నదే అడుగుతారు తప్ప, ఆర్.సి. పుస్తకం ఏదీ అని అడిగేవారు అరుదు.

ఇటువంటి దుకాణాల ముందు అప్పుడప్పుడు ఖరీదైన దిగుమతి కారు కూడా ఆగుతుంది. లక్షలు, ఒక్కొక్కప్పుడు కోట్లు పోసి తెచ్చుకున్న ఆ బండి యజమానికి వచ్చిన చిక్కు చిన్నదే. ప్రభుత్వం ఇచ్చిన ప్లేటు కారుకు పట్టదు. కారు వెనుక డిక్కీ తలుపుపై ప్లేటు కోసం వదిలిన గుంట ఒక కొలత, మన నిబంధనలు చెప్పే పలక మరొక కొలత. కోట్ల బండి అయినా వచ్చి రేడియం కోసే మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడవలసివస్తున్నది.

ఊళ్ళో ఉండేవారికి దీనితో ఏమి పని అనుకోవచ్చు. పని ఉన్నది. ఆ దుకాణంలో ఆ కారుకు జరిగే సర్దుబాటు, ఇబ్రహీంపట్నంలోనో హాలియాలోనో ఒక రైతు ఇంటికి వచ్చే చలానా దాకా పోతుంది.

ఏది దిగుమతి కారు?

ముందుగా ఒక అపోహ తొలగవలసి ఉన్నది. విదేశీ పేరు ఉన్న ప్రతి కారూ దిగుమతి కారు కాదు. కొరియా కంపెనీ అయిన కియా కార్లు 2019 నుంచి మన పెనుకొండ దగ్గరే తయారవుతున్నాయి. బి.ఎం.డబ్ల్యు. వారికి చెన్నై దగ్గర, మెర్సిడెస్ బెంజి వారికి పుణె దగ్గర చకన్‌లో కర్మాగారాలున్నాయి. ఇక్కడ బిగించి ఇక్కడే అమ్మే బండ్లకు మన ప్లేటు పట్టేలా ముందే బంపరు చేస్తారు. అందువల్ల రోడ్డుమీద కనిపించే బెంజి కార్లలో ఎక్కువ భాగానికి ఈ బాధ లేదు. బాధ అంతా పూర్తిగా బయటే తయారై ఓడలో దిగిన బండ్లది. అందులోనూ కంపెనీ ద్వారా కాక సొంతంగా తెప్పించుకున్నవాటిది.

కొలతలు చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 50వ నియమం ప్రకారం కారుకు రెండే రకాల పలకలు: ఒకటి 500 మిల్లీమీటర్ల పొడవు, 120 ఎత్తు; రెండవది 340 పొడవు, 200 ఎత్తు. జపానులో కారు ప్లేటు 330 పొడవు, 165 ఎత్తు. అమెరికాలో పన్నెండు అంగుళాల పొడవు, ఆరు అంగుళాల ఎత్తు, అంటే సుమారు 305, 152 మిల్లీమీటర్లు. జర్మనీలో 520 పొడవు, 110 ఎత్తు. ఇంగ్లండులోనూ దాదాపు అంతే.

జర్మనీ బండికి మన పొడుగు పలక పెడితే పొడవులో 20 మిల్లీమీటర్లు తగ్గుతుంది, ఎత్తులో 10 మిగులుతుంది. అది పెద్ద సమస్య కాదు. ఒక పట్టీ వేసి బిగిస్తే నిలుస్తుంది. జపాను బండి సంగతి వేరు. మన పొట్టి పలక దాని గుంటకంటె 35 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. పొడుగు పలక పెడదామంటే అటు 85, ఇటు 85 మిల్లీమీటర్లు రెక్కల్లా బయటికి వస్తుంది. అమెరికా కొలత గుంట అయితే మరీ కష్టం: ఎత్తులో 48, పొడవులో 35 ఎక్కువ. పైగా ఆ గుంటలోనే ప్లేటుమీద వెలుగు పడే చిన్న దీపం, డిక్కీ తెరిచే మీట, వెనుక చూపించే కెమెరా ఉంటాయి. బలవంతంగా పలక దిగగొడితే వాటిలో ఏదో ఒకటి కప్పుకుపోతుంది.

అక్షరం పడుతుంది, పలక పట్టదు

ఇందులో విచిత్రమైన విషయం ఒకటున్నది. అక్షరాల కొలతలు చెప్పేది 51వ నియమం. దాని ప్రకారం కారు నెంబరు అక్షరాలు, అంకెలు 65 మిల్లీమీటర్ల ఎత్తు, 10 మందం ఉండాలి. మధ్యన 10 మిల్లీమీటర్ల ఎడం వదలాలి. రెండు వరుసలుగా రాస్తే 65, 65, నడుమ 10, మొత్తం 140. జపాను గుంట ఎత్తు 165, అమెరికాది 152. అంటే చట్టం అడిగిన సైజు అక్షరాలు ఆ గుంటల ఎత్తులో ఇముడుతాయి. పోలీసుకు, కెమెరాకు కావలసింది కూడా ఆ అక్షరాలే. ఇమడనిది వాటి చుట్టూ ఉన్న పలక మాత్రమే. ఒక నియమాన్ని పాటించగల కారు దాని పక్క నియమం దగ్గర దోషి అవుతున్నది.

అయితే పలక కొలతను మార్చడం యజమాని చేతిలో లేదు. ఇప్పుడు చెల్లేది హైసెక్యూరిటీ ప్లేటు. ఒక మిల్లీమీటరు మందం గల అల్యూమినియం రేకుమీద అక్షరాలను ఉబ్బెత్తుగా అచ్చువేస్తారు. ఎడమ పక్కన అశోకచక్రం గల హోలోగ్రాము, దాని కింద నీలిరంగులో ఐ.ఎన్.డి. అన్న అక్షరాలు, లేసరుతో చెక్కిన విడి సంఖ్య ఉంటాయి. ఆ విడి సంఖ్య ఒక్కొక్క పలకకు ఒక్కొక్కటి. అది ఏ బండికి ఇచ్చిందీ రికార్డులో ఉంటుంది. వెనుక ప్లేటును మామూలు మరలతో కాక, ఒకసారి బిగిస్తే పగలగొట్టి తప్ప తీయలేని తాళంతో బిగించాలి. అటువంటి పలకను కత్తిరించినా, మడిచినా, దానికి మరో కన్నం పొడిచినా అది చెల్లని పలక కిందే లెక్క.

ఈ లెక్క రోడ్డువార దుకాణాలకు పట్టదు. రెండు వందలో మూడు వందలో పుచ్చుకుని యాక్రిలిక్ ముక్కమీద గుంటకు సరిపడా చిన్న అక్షరాలు అతికిస్తారు. ఐ.ఎన్.డి. అన్న నీలి అక్షరాలు, మెరిసే చక్రం బొమ్మ స్టిక్కరుగా కూడా దొరుకుతాయి. దూరంనుంచి చూస్తే అసలుకు నకలుకు తేడా తెలియదు. కొందరు యజమానులు అసలు ప్లేటు తీసుకుని డిక్కీలో దాచి, ఈ అతుకు ప్లేటుతో తిరుగుతారు. పోలీసులు ఆపితే తీసి చూపించడానికట. డిక్కీలో ఉన్న నెంబరును కెమెరా చదవలేదు కదా.

చలానా ఎవరి పేర వస్తుంది?

ఊరివాళ్ళ గొడవ ఇక్కడే మొదలవుతుంది. కూడళ్ళలో ఇప్పుడు ఫొటో తీసి చలానా పంపే పద్ధతి ఉన్నది. అక్షరం చిన్నదైనా, వంకరైనా, ఒక అంకె చెరిగినా ఆ ఫొటోలో 8 కాస్తా 3గా, 0 కాస్తా 6గా కనిపించవచ్చు. అప్పుడు జరిమానా వేరొక బండి యజమానికి పోతుంది. ఊరు దాటని బండికి దిల్‌సుఖ్‌నగర్‌లో సిగ్నల్ దాటినట్టు చలానా రావడం, ఫొటోలో చూస్తే బండి రంగే వేరు కావడం పల్లెల్లో కొత్త సంగతి కాదు. పొరపాటున జరిగేది కొంతయితే, కావాలని ఇంకొకరి నెంబరు వేసుకుని తిరిగేది మరికొంత. అటువంటివారిపై నగర పోలీసులు చీటింగు కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. కాని ముందుగా పోలీసు స్టేషను చుట్టూ తిరగవలసింది తప్పు చేయనివాడే. ఒకరోజు కూలీ, బస్సు ఖర్చు, ఇవన్నీ అతని ఖాతాలోనే.

ఇలా చలానా వచ్చినవారు డబ్బు కట్టేయడం తొందరపాటు. చలానాతోపాటు వచ్చే ఫొటోను తీసి, తన బండి ఫొటో, ఆర్.సి. నకలు జతచేసి, ఈ చలానా వ్యవస్థలో ఫిర్యాదు పెట్టుకునే వీలున్నది. ఒకసారి కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది.

హైసెక్యూరిటీ ప్లేటు పుట్టిందే ఈ దొంగ నెంబర్ల బెడద తీర్చడానికి. దానికోసం నియమాలను కేంద్రం 2001లో సవరించింది. తయారీ కాంట్రాక్టులపై వివాదం సుప్రీంకోర్టుకెక్కి, 2004 నవంబరులో కోర్టు ఆ పథకాన్ని సమర్థించింది. అయినా రాష్ట్రాలు కదలలేదు. ఉగ్రవాద వ్యతిరేక ఉద్యమ నాయకుడు మణిందర్‌జిత్ సింగ్ బిట్టా మళ్ళీ కోర్టుకు పోయాడు. 2011, 2012లలో కోర్టు రాష్ట్రాలను గట్టిగా మందలించాక గాని పని మొదలుకాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 డిసెంబరులో ఈ ప్లేట్లు వచ్చాయి. అప్పటి ధర ద్విచక్ర వాహనానికి రూ.245, కారుకు రూ.619.

అదే ఏడాది ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగాయి. బాంబులు కట్టింది సైకిళ్ళకు. సైకిలుకు నెంబరే ఉండదు. పలక ఎంత గట్టిదైనా అన్ని తలుపులకూ అదొక్కటే తాళం కాదన్నది ఆ వీధిలోవారికి వేరే చెప్పనక్కరలేదు.

డీలరు లేని బండి

2018 డిసెంబరులో కేంద్రం మరొక మార్పు తెచ్చింది. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండికి ప్లేటు ఇచ్చే బాధ్యత తయారీదారుదే. డీలరు దానిని బిగించి ఇవ్వాలి. ఇది మంచి ఏర్పాటే. కొత్త బండి కొన్న రైతు ఆర్టీఏ కార్యాలయం దగ్గర ప్లేటుకోసం పడిగాపులు పడే పని తప్పింది. కాని నియమం రాసినవారి కళ్ళముందు ఉన్నది కర్మాగారం, షోరూము, కొనుగోలుదారు అనే వరుస. సొంతంగా ఓడలో తెప్పించుకున్న కారుకు మన దేశంలో కర్మాగారమూ లేదు, షోరూమూ లేదు. ఆ పేరు కంపెనీవారి డీలరు ఊళ్ళో ఉన్నా, తాను అమ్మని బండి కనుక తనకు సంబంధం లేదంటాడు. ఇక మిగిలింది రాష్ట్రం ఆమోదించిన ప్లేట్ల తయారీదారు ఒక్కడే. ఆ దగ్గర దొరికేవి పైన చెప్పిన రెండు కొలతలే.

తెలంగాణ రవాణా శాఖ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వులో ఈ బండ్ల ప్రస్తావన కనిపించింది, అయితే ధర దగ్గర మాత్రమే. 2019 ఏప్రిల్ 1కి ముందు తయారైన పాత బండ్లన్నీ హైసెక్యూరిటీ ప్లేటు బిగించుకోవాలని, అందుకు 2025 సెప్టెంబరు 30 గడువని అందులో చెప్పారు. మామూలు మోటారు సైకిలుకు రూ.320 నుంచి రూ.380, దిగుమతి మోటారు సైకిలుకు రూ.400 నుంచి రూ.500; మామూలు కారుకు రూ.590 నుంచి రూ.700, దిగుమతి కారుకు రూ.700 నుంచి రూ.860 అని రేట్లు నిర్ణయించారు. దిగుమతి కారు వేరు అని ఖజానా గుర్తించింది. దాని గుంట వేరు అని కూడా గుర్తించి ఉంటే సగం తగువు తీరేది.

అధికారులు అనుకుంటే మార్గం లేకపోలేదు. అక్షరాల సైజు తగ్గించకుండా, హోలోగ్రాము, విడి సంఖ్య, తాళం అన్నీ ఉంచి, 330కి 165 కొలతలో మూడవ రకం పలకను కేంద్రం ఒప్పుకుంటే జపాను బండ్లకు సరిపోతుంది. మోటారు సైకిళ్ళ విషయంలో ఇటువంటి వెసులుబాటు ఉండనే ఉన్నది. ముందు భాగానికి 285కి 45 కొలత సన్నపలక, వెనుకకు 200కి 100 కొలత పలక వేరువేరుగా పెట్టారు. బండి ఆకారాన్ని బట్టి పలకను మార్చడం చట్టానికి కొత్త కాదన్నమాట. అది జరిగేదాకా యజమానికి ఉన్న సక్రమమైన దారి ఒకటే: గుంటను వదిలి, బంపరుమీద చదునైన చోట దన్ను పట్టీ బిగించి, దానిపై పూర్తి కొలత పలకను తాళం వేయించడం. దీపం వెలుగు దానిమీద పడేటట్టు చూసుకోవాలి. చూడటానికి అందంగా ఉండదని కొందరి బాధ. అందం కోసం బండి కొన్నవారికి అది నిజంగా బాధే కావచ్చు.

నెంబరు మీద మాత్రం వారు ఖర్చుకు వెనుకాడరు. 2024లో ఖైరతాబాదు కార్యాలయంలో టి.జి. 09 9999 అనే నెంబరు వేలంలో రూ.25,50,002 పలికింది. ఆ నెంబరును మోసే రేకు ఖరీదు వెయ్యి రూపాయలకు లోపే.

అమెరికానుంచి అల్లుడు కారు తెస్తానంటే

నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల్లో బిడ్డలు విదేశాల్లో ఉన్న ఇళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు వాడుకుంటున్న కారును తెచ్చుకోవచ్చా అన్న ప్రశ్న ఈ ఇళ్ళలో తరచు వినబడుతుంది. అమెరికా, దుబాయి, సౌదీ కార్లకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఎడమ స్టీరింగు బండి మన రోడ్లమీద నడపడానికి మోటారు వాహనాల చట్టం 120వ సెక్షను అడ్డు. వాడిన కారు తేవాలంటే అది కుడి స్టీరింగుదై ఉండాలి. తయారై మూడేళ్ళు దాటకూడదు. ఇంకా ఐదేళ్ళు నడిచే స్థితిలో ఉండాలి. ముంబయి రేవులోనే దింపాలి. వేగం కిలోమీటర్లలో చూపాలి, దీపాలు ఎడమ పక్కన నడిచే మన పద్ధతికి తగినట్టు ఉండాలి. అప్పటికి సుంకం కడితే, కారు ధరను మించిపోయినా ఆశ్చర్యం లేదు. ఇంగ్లండు, సింగపూరు, ఆస్ట్రేలియాలలో ఉన్నవారికి ఈ దారి తెరిచి ఉన్నది గాని, లెక్క వేసుకున్నాక చాలామంది అక్కడే అమ్మి వస్తారు.

ఈ సుంకం ఎగ్గొట్టడానికి అడ్డదారులు పుట్టాయి. విదేశీ కార్లను దుబాయి, శ్రీలంకల మీదుగా తిప్పి, స్టీరింగు కుడికి మార్పించి, తక్కువ ధర చూపి దించుతున్నారన్న ఆరోపణపై 2025లో రెవెన్యూ ఇంటెలిజెన్సు అధికారులు హైదరాబాదుకు చెందిన ఒక కార్ల వ్యాపారిని అరెస్టు చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో కేరళలో కస్టమ్సువారు ‘నుంఖోర్’ పేరుతో సోదాలు జరిపి, భూటాన్‌నుంచి దొంగ కాగితాలతో వచ్చాయంటూ పలు కార్లను పట్టుకున్నారు. అటువంటి బండి నాలుగు చేతులు మారి, సగం ధరకు ఎల్.బి.నగర్‌లో అమ్మకానికి వచ్చిందనుకుందాం. భూమి అమ్మిన డబ్బు చేతిలో ఉన్నవాడికి అది చౌక బేరంగా కనిపిస్తుంది. కస్టమ్సు కాగితం తప్పుదని తేలిన రోజున బండి పోతుంది, డబ్బూ పోతుంది. అమ్మినవాడి ఫోను పలకదు.

కొనేముందు ప్లేటును చూడటం ఇక్కడ పనికివస్తుంది. సక్రమంగా రిజిస్టరైన దిగుమతి కారుకు కస్టమ్సు ఇచ్చిన బిల్ ఆఫ్ ఎంట్రీ ఉంటుంది. దానిలోని ఛాసిస్ నెంబరు, ఆర్.సి.లోని నెంబరు, బండిమీద చెక్కిన నెంబరు మూడూ ఒకటై ఉండాలి. ప్లేటుమీద లేసరు సంఖ్య గోటితో గీరితే పోకూడదు. స్టిక్కరు అంచు లేచినా, తాళం బదులు మామూలు మరలు కనిపించినా, అమ్మేవాడు గుంటలో పట్టలేదని చెప్పే మాట నిజమే కావచ్చు. అసలు ప్లేటు ఏదో చూపించమని అడగాలి. చూపించలేనివాడి దగ్గర బయానా ఇవ్వకుండా లేచి రావడం మేలు.

మోటారు సైకిలు గలవారి విషయం ఇంత చిక్కు కాదు. ఎ.పి., టి.ఎస్. అక్షరాలున్న పాత బండ్లకు నెంబరు మార్చుకోనక్కరలేదు. 2024 మార్చి తర్వాత కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకే టి.జి. వస్తున్నది. తెలుగు అంకెలు, కులం పేరు, పార్టీ గుర్తు, దేవుడి బొమ్మ ప్లేటుమీద ఉండరాదు. ఇంగ్లీషు అక్షరాలు, మామూలు అంకెలే చెల్లుతాయని 50వ నియమం చెబుతున్నది. హైసెక్యూరిటీ ప్లేటుకు డబ్బు కట్టేటప్పుడు బండి కంపెనీ డీలరు దగ్గరికి ఆర్.సి. పట్టుకుని పోవడం సులువు. ఫోనులో వచ్చిన లింకు నొక్కి డబ్బు కట్టినవారికి ప్లేటు రాకపోగా ఖాతా ఖాళీ అయ్యే ప్రమాదమున్నది. దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతపువారికి రవాణా కార్యాలయం మలక్‌పేటలో ఉన్నది. ఆ కార్యాలయపు నెంబరు టి.జి. 11. జిల్లాల వారు తమ బండి ఏ కార్యాలయంలో రిజిస్టరయిందో అక్కడే విచారించుకోవచ్చు.